డైరీలో ఎడమ పేజీ
రాత్రి డైరీ తెరవగానే ఏమి రాయాలో తోచక, చివరికి “ఈరోజు మామూలే” అని రాసి మూసివేయడం చాలామందికి అనుభవమే. 200 పేజీల రూళ్ల నోటుపుస్తకం తీసుకుని, కుడివైపు పేజీలో మాత్రమే, ఆ రోజు కంటబడిన ఒక్క విషయాన్ని, ఉదాహరణకు పూలమ్మే ఆమె మూర కొలిచేటప్పుడు మోచేతిని కొద్దిగా మడిచిన తీరును, ఐదు వాక్యాలకు మించకుండా రాసి, చివరి వాక్యాన్ని సగంలోనే ఆపండి. మరునాడు దానిని పూర్తిచేయడంతోనే చేయి సాగుతుంది. ఎడమ పేజీని ఖాళీగా ఉంచి, ఆదివారం పావుగంట కూర్చుని వారం రాతలను చదువుతూ, కథకో కవితకో పనికివచ్చే ముక్కను అక్కడ ఎక్కించుకోండి. నాకు ఈ ఎడమ పేజీలే ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. అయితే రెండు మూడు రోజులు విరామం వస్తే ఆ సగం వాక్యం దేని గురించో గుర్తుండదు కనుక, ప్రయాణానికి ముందురోజు మాత్రం వాక్యాన్ని ముగించే పెట్టండి.