అమ్మమ్మ వాళ్ళ వీధి తలుపు, నా ఆఫీసు బల్ల

మండపేట దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ పెంకుటిల్లు పడగొట్టినప్పుడు వీధి తలుపు రెండు రెక్కలూ నేను తెచ్చుకున్నాను. పాత టేకు. కాకినాడలో మా ఇంట్లో పదడుగుల గది ఒకటి ఖాళీగా ఉంది. ఇంటి నుంచే జీతాల లెక్కలు చూసే ఉద్యోగం నాది, రోజుకు ఎనిమిది గంటలు ఆ గదిలోనే. మీరూ ఇలాంటి గది మన పద్ధతిలో సర్దుకోవాలనుకుంటే బొమ్మలు కొనేముందు బల్ల సంగతి చూసుకోండి. అది కుదిరితే సగం పని అయిపోయినట్టే.

మా తలుపు వెనక అమ్మమ్మ బొగ్గుతో పాల లెక్క రాసుకునేది. పోసిన పూటకొక నిలువు గీత, రాని పూటకు సున్న. మొదటి రెక్కను పాలిష్ కోసం ఒక దుకాణంలో ఇచ్చాను. మిషన్ పెట్టి అద్దంలా మెరిపించి ఇచ్చారు, గీతలు ఒక్కటీ మిగల్లేదు. చెప్పకపోవడం నా తప్పే. ఆ పూట అన్నం సహించలేదు. అందుకే చెబుతున్నా, పాత చెక్క ఎవరికిచ్చినా ఏది ముట్టుకోకూడదో సుద్దతో గుర్తు పెట్టి మరీ ఇవ్వండి.

రెండో రెక్కను బల్ల కోసం నేనే బాగుచేసుకున్నాను. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి మాస్కు పెట్టుకుని, తడిపిన వాటర్ పేపర్‌తో ఆరుబయట రుద్దండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఆరాక బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, పల్చగా రెండుసార్లు పట్టించి మిగిలింది తుడిచేయాలి. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆగండి. ఆ నూనె గుడ్డలు మాత్రం ఉండ చుట్టి పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టండి. బొగ్గు గీతలున్న మూలకు నేను నూనె తగలనివ్వలేదు.

వెనక వైపు పైకి పెట్టి, ఇనుప కాళ్ళ మీద కూర్చోబెట్టి, పైన 8 ఎం.ఎం. గాజు వేయించాను. గాజుకూ చెక్కకూ మధ్య చిన్న రబ్బరు బిళ్ళలు పెట్టించుకోండి, లేకపోతే మన కోస్తా చెమ్మ లోపల నిలిచిపోతుంది. ఛార్జర్ వైర్లకు కొత్తగా చిల్లు పెట్టలేదు, పాత గడియ కన్నంలోంచే దించేశాను. ముందు వైపున్న ఇత్తడి గుబ్బలు మోకాళ్ళకు తగులుతుంటే తీయించి, రెండింటిని గోడకు కొట్టించాను. హెడ్‌ఫోన్స్ వాటికే వేలాడుతుంటాయి. ఎత్తు ఎంతని అడుగుతారేమో, నాది 5 అడుగుల 2 అంగుళాలు, బల్ల 27 అంగుళాలు. కూర్చున్నప్పుడు మోచెయ్యి ఎక్కడికి వస్తే అదే మీ బల్ల ఎత్తు.

కుర్చీ దగ్గర మాత్రం సంప్రదాయం వద్దు. పేము కుర్చీ ఫొటోకి బాగుంటుంది గానీ ఎనిమిది గంటలకు నడుము పట్టేస్తుంది. మామూలు ఆఫీసు కుర్చీ కొని, దాని మీద మంగళగిరి నూలు తువ్వాలు వేశాను. చక్రాల కింద చాప, జంపఖానా లాంటివి వేయకండి, నెలలో పీచులు లేస్తాయి.

కిటికీకి పెడన అచ్చు కలంకారీ తెర కట్టాను. సహజ రంగులు ఎండకు వెలిసిపోతాయి, అందుకని వెనక తెల్ల నూలు అస్తరు కుట్టించాను. దీపానికి ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలు లాంతరు. తోలుబొమ్మలు చేసే చేతులే మేకతోలు మీద ఈ లాంతర్లూ చేస్తాయి. వెలిగించగానే తోలులోంచి ఎరుపూ పచ్చా గోడ మీదికి పాకుతాయి. లోపల ఎల్.ఇ.డి. బల్బే వేయండి, పాత బల్బు వేడికి తోలు ముడుచుకుపోతుంది. పెన్నులకు ఏటికొప్పాక డబ్బా ఒకటి. అంకుడు కర్ర మీద లక్క పూత అది, ఎండ పడే చోట పెట్టకండి. అంతకు మించి బల్ల మీద ఏమీ పెట్టలేదు, గది ఊపిరాడాలి కదా.

రోజూ పొద్దున్నే గాజు పైన పొడి మల్లు గుడ్డతో తుడుస్తాను. గాజు ఎత్తి కింద తుడవడం ఏడాదికి ఒక్కసారే, సంక్రాంతి ముందు, అదీ పాల లెక్క ఉన్న మూల వదిలేసి.