వాన పడితే నిద్ర పట్టనివాళ్ళకు

మాది విజయవాడ, అజిత్‌సింగ్ నగర్. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం నాడు బుడమేరు వాగు నీళ్ళు మా గడప దాటి లోపలికొచ్చాయి. చూస్తుండగానే కుట్టు మిషను మునిగింది. పై వాటా వాళ్ళింట్లో తలదాచుకున్నాం. నీళ్ళు తీశాక బురద ఎత్తిపోసి, మిషను విప్పి, ఎండబెట్టి, నూనె పట్టించి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను. ఇక అయిపోయిందనుకున్నాను, కానీ అవలేదు. ఆ తర్వాత చినుకు పడితే చాలు, గుండె దడ. అర్ధరాత్రి టార్చి పట్టుకుని వీధి కాలువ చూసి వచ్చేదాన్ని, ఒక్కో రాత్రి నాలుగైదు సార్లు.

మీకూ ఇలాగే ఉందా? వరదే కానక్కర్లేదు. ఏటికేడు పెరిగే ఎండలు కావచ్చు, ఎండిపోయిన బోరు కావచ్చు. నాకు పనికొచ్చినవి చెబుతాను.

ముందు ఆ భయాన్ని ఇంట్లోవాళ్ళకి చెప్పండి. నేను నెల రోజులు దాచుకున్నాను. ఒక రాత్రి కాలువ చూసి లోపలికి వస్తుంటే అత్తయ్య చీకట్లో కూర్చుని ఉంది. "నాకూ నిద్ర పట్టట్లేదే అమ్మాయ్" అంది. టీ పెట్టుకుని తెల్లారేదాకా మాట్లాడుకున్నాం. భయం ఉన్నది నా ఒక్కదానికే కాదని తెలియడమే సగం మందు. రోజుల తరబడి నిద్ర, తిండి లేకపోతే మాత్రం మాటలతో సరిపెట్టుకోకండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైను. ఫ్రీ. తెలుగులోనే మాట్లాడొచ్చు.

రెండోది ఫోన్. మళ్ళీ గండి పడిందంటూ వాయిస్ మెసేజ్ వస్తే వీధంతా మూటలు సర్దుకున్న రోజులున్నాయి. రాత్రి అన్నం తిన్నాక వరద వీడియోలు చూడకూడదని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాం. వాన సమాచారం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అదీ కలెక్టరేట్ నుంచో వాతావరణ శాఖ నుంచో వచ్చిందే చూస్తాం.

అసలు నా భయం తగ్గింది బుడమేరు దారి తెలుసుకున్నాకే. అప్పటిదాకా నాకది కంపు కొట్టే కాలువ, అంతే. ఒక ఆదివారం మేం నలుగురం ఆడవాళ్ళం ఆటో మాట్లాడుకుని వెలగలేరు వెళ్ళాం. మైలవరం వైపు కొండల నీళ్ళు అక్కడి రెగ్యులేటర్, అంటే నీళ్ళని ఆపి వదిలే గేట్ల దగ్గరికి వస్తాయి. అక్కణ్ణుంచి డైవర్షన్ కాలువ వాటిని ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతుంది. పాత దారేమో మా పేటల మీదుగా సాగి, ఎనికేపాడు దగ్గర ఇంకో కాలువ కింద నుంచి వెళ్ళే అండర్ టన్నెల్‌లో దూరి కొల్లేరుకు పోతుంది. కొల్లేరు నుంచి ఉప్పుటేరు, ఆపైన సముద్రం. ఆ ఏడాది బ్యారేజీ దగ్గర కృష్ణ వరదే 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నదే నిండుగా ఉంటే కాలువ నీళ్ళు ఎక్కడికి పోతాయి? కట్టకి గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి చివరికి ఆర్మీ రావాల్సి వచ్చింది.

ఇదంతా కళ్ళతో చూశాక, మా వీధిలో పడే వాన వేరు, మైలవరం కొండల్లో పడే వాన వేరు అని అర్థమైంది. ఇప్పుడు వాన మొదలైతే మూడే అడుగుతాను: మైలవరంలో పడుతోందా? వెలగలేరులో నీటిమట్టం ఎంత? బ్యారేజీకి ఎంత వస్తోంది? మూడూ మామూలుగా ఉంటే పడుకుంటాను. లేకపోతే సంచి దించి గుమ్మం దగ్గర పెడతాను. మీ ఊరి నీళ్ళు ఎక్కడ పుట్టి ఎటు పోతాయో మీరూ వెళ్ళి చూడండి. చెరువు ఒకప్పుడు ఎంత దూరం ఉండేదో ముసలివాళ్ళని అడగండి.

సంచి అన్నాను కదా. ఆ పని నాది. రెయిన్‌కోటు గుడ్డతో మా వీధిలో 14 ఇళ్ళకీ ఒక్కో సంచి కుట్టిచ్చాను. ఆధార్, పాస్‌బుక్, మందుల చీటీ, పిల్లల సర్టిఫికెట్లు అందులోనే ఉంటాయి. మీకు చేతనైన పనితోనే మొదలుపెట్టండి, కొత్త విద్య నేర్చుకోనక్కర్లేదు. ఎదురింటి ఎలక్ట్రీషియన్ అందరి స్విచ్‌బోర్డులూ పైకి జరిపాడు. మంచాన ఉన్న ఇద్దరు పెద్దవాళ్ళని ముందుగా ఎవరు మోసుకెళ్ళాలో పేర్లు రాసుకున్నాం.

కాలువ పూడిక తీయించమని మే నెలలోనే ఫోటోతో సహా అర్జీ పెడతాం. రసీదు నంబరు, తేదీ ఒక నోటుబుక్కులో రాస్తాం. ఒకసారి ఒక ఆఫీసులో "ఇది మా పరిధి కాదు" అని మూడు బల్లల చుట్టూ తిప్పారు. ఇంటికొచ్చి ఏడ్చాను. అందుకే వంతులు పెట్టుకున్నాం: ఒక నెల వెళ్ళినవాళ్ళు మరుసటి నెల వెళ్ళరు. వంతు లేని నెలలో నేను మీటింగులకీ పోను, పండగ జాకెట్లు కుట్టుకుంటాను. అది బాధ్యత వదిలేయడం కాదు. అలా ఆగకపోతే ఈ పనిలో రెండో ఏడాది ఉండేదాన్ని కాదు.

కోపం గురించి కూడా ఒక మాట. కట్ట మీద గుడిసె వేసుకున్నవాణ్ణి తిట్టడం తేలిక. వాడు మనకంటే ముందు మునుగుతాడు. వాళ్ళనీ మన లిస్టులో రాసుకోండి. ఆక్రమణల మీద అర్జీ పెడితే వాళ్ళకి ఇంకోచోట ఇల్లు ఇవ్వాలని కూడా అందులో రాయండి. మేం అలాగే రాస్తున్నాం.

వచ్చే ఆదివారం ఈసారి పిల్లల్ని తీసుకుని ఎనికేపాడు వెళ్తున్నాం, టన్నెల్ చూపించడానికి. అత్తయ్య కూడా వస్తానంటోంది. పులిహోర ఆవిడే చేస్తుందట.