ఆటిజం ఉన్న పిల్లలకు స్కూల్లో సరైన లక్ష్యాలు ఎలా పెట్టించుకోవాలి?

"మీ బాబు ఐదు నిమిషాలు కూడా కుదురుగా కూర్చోడండీ."

పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మాట విన్నాక చాలామంది తల్లిదండ్రులు "కుదురుగా కూర్చోవాలి" అన్నదాన్నే ఆ ఏటి లక్ష్యంగా రాసేసుకుంటారు. అది టీచర్ పడుతున్న ఇబ్బంది. పిల్లాడికి ఏం కావాలో అందులో ఎక్కడా లేదు. పైగా ఏడాది గడిచాక అది నెరవేరిందో లేదో ఎవరూ తేల్చలేరు. కుదురు అంటే ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా ఉంటుంది మరి.

ఒక పిల్లాడి కోసం విడిగా రాసుకునే చదువు ప్రణాళికను స్పెషల్ ఎడ్యుకేటర్లు ఐఈపీ అంటారు. అమెరికాలో అర్హత ఉన్న పిల్లలకు ప్రభుత్వ స్కూళ్లు దీన్ని రాసి తీరాలి. అక్కడున్న మన కుటుంబాలు పిల్లాడి మూల్యాంకనం (స్థాయి, అవసరాల అంచనా) కోసం రాతపూర్వకంగా అడగాలి, మీటింగ్‌కి కావాలంటే తెలుగు దుబాసీని కూడా అడగొచ్చు. ఇక్కడ మాత్రం చాలా ప్రైవేటు స్కూళ్లలో మనం అడిగితే తప్ప ఆ కాగితం పుట్టదు. అందుకే చిత్తుప్రతి మీరే రాసి తీసుకెళ్లడం మేలు.

1. ముందు రెండు వారాలు గమనించండి

ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: అంతకుముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, ఆ తర్వాత ఏమైంది. ఇంట్లో మీరు రాయండి, స్కూల్లో జరిగినవి రోజుకి ఒక్కటైనా చెప్పమని టీచర్‌ని అడగండి.

రెండో తరగతి పిల్లాడు తెలుగు డిక్టేషన్‌లో పెన్సిల్ విసిరేస్తున్నాడనుకోండి. "విసిరాడు" అని మాత్రమే రాస్తే అల్లరిలా కనిపిస్తుంది. మొదటి గడి కూడా నింపితే, ప్రతిసారీ "చెరిపి మళ్లీ రాయి" అన్న తర్వాతే విసిరాడని తేలుతుంది. మూడో గడిలో, విసిరిన ప్రతిసారీ బయట నిలబెట్టారని, అంటే రాయాల్సిన పని తప్పిందని ఉంటుంది. వాడి దగ్గర సాయం అడిగే దారి లేదు, పెన్సిలే ఆ పని చేస్తోంది. మీ లక్ష్యం అక్కడే దొరికింది.

గోల చేయని పిల్లలను కూడా గమనించాలి. క్లాసులో చప్పుడు లేకుండా కూర్చుని, ఇంటికొచ్చి బ్యాగు విసిరేసి గంటసేపు ఏడ్చే పాప గురించి స్కూలువాళ్లు "ఏ ప్రాబ్లమ్ లేదండీ" అంటారు. అలాంటి పాప విషయంలో సాయంత్రాలు రాసిన మీ నోటుబుక్కే సాక్ష్యం.

2. ఏది ముందు, ఏది అక్కర్లేదు

నొప్పి చెప్పడం, టాయిలెట్ అడగడం, సాయం అడగడం, "వద్దు" అనడం. ఈ నాలుగింటిలో ఏది రాకపోయినా ఎక్కాలకంటే ముందు దాని మీద పడండి. మాటతోనే చెప్పాలని లేదు. కార్డు, బొమ్మ, సైగ, ట్యాబ్ ఏదైనా సరే. కార్డులు ఇస్తే మాటలు రావేమోనని పెద్దవాళ్లు భయపడతారు గానీ ఆ భయానికి ఆధారం లేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ వింటే పిల్లాడు వెనకబడతాడన్నదీ అంతే. కాకపోతే టాయిలెట్‌కి బడిలోనూ ఇంట్లోనూ మొదట్లో ఒకే కార్డు, ఒకే మాట పెట్టుకోండి.

"కళ్లలోకి చూసి మాట్లాడాలి" అన్న లక్ష్యాన్ని నేనైతే కొట్టేయమంటాను. కళ్లలోకి చూస్తే ఎదుటివాళ్ల మాట బుర్రకెక్కదని ఆటిజం ఉన్న పెద్దవాళ్లే చెబుతున్నారు. చేతులు ఊపడం, ఊగడం మాన్పించడం కూడా అంతే. తనకో పక్కవాళ్లకో దెబ్బ తగలనంతవరకు వాటి జోలికి పోనక్కర్లేదు.

మొత్తం మూడు, మహా అయితే నాలుగు లక్ష్యాలు చాలు. నలభై మంది ఉన్న క్లాసులో పన్నెండు లక్ష్యాల జాబితా ఇస్తే అది బీరువాలోకి వెళుతుంది.

3. ఇద్దరు చూసినా ఒకే మాట చెప్పేలా రాయండి

పెన్సిల్ విసిరే పిల్లాడికి ఇలా రాయొచ్చు:

"ప్రస్తుతం: రాతపని కష్టమైనప్పుడు సాయం అడగడం లేదు, పది సార్లలో తొమ్మిది సార్లు పెన్సిల్ విసురుతున్నాడు. లక్ష్యం: సంక్రాంతి సెలవుల నాటికి, టీచర్ ఒక్కసారి గుర్తు చేస్తే, పది సార్లలో ఏడు సార్లు 'హెల్ప్' కార్డు తీసి బల్ల మీద పెడతాడు. నేర్పేది: స్పెషల్ ఎడ్యుకేటర్, వారానికి మూడు సార్లు. గుర్తుపెట్టేది: క్లాస్ టీచర్, డైరీలో టిక్కుతో."

ఇప్పుడున్న పరిస్థితి, గడువు, ఎంత సాయంతో, ఎన్నిసార్లు, ఎవరు నేర్పుతారు, ఎవరు రాస్తారు అన్నీ అందులో ఉన్నాయి. "ప్రవర్తన మెరుగుపడాలి" అన్న వాక్యంలో వీటిలో ఒక్కటీ లేదు. గుర్తుపెట్టే పని టిక్కును మించితే టీచర్ రెండో వారానికే ఆపేస్తారు. వాళ్లనీ తప్పుపట్టలేం.

4. స్కూలు ఏం మార్చుకోవాలో విడిగా రాయండి

ఆ కాగితంలో పిల్లాడు చేయాల్సినవే ఉంటే సగం పనే అయినట్టు. కార్డు చూపించగానే టీచర్ వచ్చి చూడాలి, లేకపోతే మూడో రోజుకి వాడు మళ్లీ పెన్సిలే విసురుతాడు. గంట దగ్గర కాకుండా వేరే చోట సీటు, బొమ్మల టైమ్‌టేబుల్, ఇంటర్వెల్‌కి రెండు నిమిషాలు ముందే పంపడం, పేజీకి పది లెక్కల బదులు నాలుగు. వీటిలో చాలావాటికి రూపాయి ఖర్చుండదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఆ చట్టంలోని 16వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు పొందిన స్కూళ్లకూ వర్తిస్తుంది: పిల్లల అవసరాన్ని బట్టి సదుపాయాలు కల్పించడం, ప్రతి ఒక్కరి ప్రగతినీ గమనించడం అందులో ఉన్నాయి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు వంటివి 17వ సెక్షన్‌లో ఉంటాయి. వీటికి సర్టిఫికెట్ అడుగుతారు కాబట్టి యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు) పని పదో తరగతి దాకా వాయిదా వేయకండి.

ప్రభుత్వ బడి అయితే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రాన్ని, అక్కడి ఐఈఆర్‌పీలను (ఈ పిల్లలకు నేర్పే టీచర్లను) కలవండి. పిల్లాడి స్థాయి అంచనా వేయించుకోవాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది.

5. మీటింగ్‌లో

ఒక్కరే వెళ్లకండి. ఒకరు మాట్లాడితే ఇంకొకరు రాసుకోవచ్చు. చట్టంతో మొదలుపెట్టొద్దు, డిక్టేషన్ పేజీతో మొదలుపెట్టండి. "మేడమ్, వాడు చెరపమన్నప్పుడే విసురుతున్నాడు, ఈ కార్డు ఒకసారి చూద్దామా" అంటే చాలామంది టీచర్లు వింటారు. షాడో టీచర్‌ని, అంటే క్లాసులో పిల్లాడి పక్కనే ఉండి సాయపడే మనిషిని, పెట్టుకోమని స్కూలువాళ్లు అంటే, ఆమె ఏ పనికి, ఎన్నాళ్లు, ఎప్పటినుంచి పక్కకు తప్పుకుంటుంది అన్నది కూడా రాయించండి. లేకపోతే పిల్లాడి పనులన్నీ ఆమే చేసి పెట్టేస్తుంది.

మాట్లాడుకున్నవన్నీ ఆ సాయంత్రమే మెయిల్ పెట్టండి. "సరే చూద్దాం" అన్న మాటకి తేదీ అడగండి.

6. ఆరేడు వారాలకోసారి టిక్కులు లెక్కపెట్టండి

పెరగకపోతే పిల్లాడి మీద నెపం వేసే ముందు, కార్డు అందుబాటులో ఉందా, వారానికి మూడు సార్లు నిజంగా నేర్పారా అని అడగండి. రెండూ జరిగినా కదలకపోతే మెట్టు చిన్నది చేయండి: గుర్తు చేస్తే తనే తీసి పెట్టడం కాదు, చేతిలో కార్డు పెడితే ఇవ్వడం వరకు. అనుకున్నదానికంటే ముందే వచ్చేస్తే సంక్రాంతి దాకా ఆగకుండా, ఇంగ్లిష్, లెక్కల పీరియడ్లలోనూ అదే కార్డు మొదలుపెట్టండి.

ఏప్రిల్‌లో సెలవులు ఇచ్చే ముందు ఆ ఏటి టిక్కుల లెక్క, పనిచేసిన సదుపాయాలు ఒక్క పేజీలో రాయించి క్లాస్ టీచర్ సంతకం తీసుకోండి. జూన్‌లో టీచర్ మారతారు. మొదటి వారంలోనే ఆ పేజీ, హెల్ప్ కార్డు ఆవిడ చేతికి ఇవ్వండి.