పాత డైనోసార్ కిట్ మొరాయిస్తుంటే: సమస్య - కారణం - పరిష్కారం

అమెరికన్ మోడల్ కంపెనీ అరోరా 1971లో మొదలుపెట్టిన 1/13 స్కేలు ప్రీహిస్టారిక్ సీన్స్ వరుస కావచ్చు, అంతకన్నా చిన్న సైజు కిట్ (ప్లాస్టిక్ ముక్కలు అతికించి తయారుచేసుకునే బొమ్మ) కావచ్చు, పాతకాలపు జంతువుల మోడళ్లతో ఒక పేచీ ఉంది. విమానం కిట్‌లో అయితే అతుకు నున్నగా అరగదీస్తే పని అయిపోయినట్టే. జంతువు ఒంటి మీద పొలుసులు, ముడతలు, బొచ్చు ఉంటాయి కాబట్టి నునుపు చేసిన చోటల్లా బోడిగా కనిపిస్తుంది. కింద చెప్పే చిక్కుల్లో పెద్దవి అక్కడే పుడతాయి.

రంగు గోటికి ఊడి వస్తోంది
అచ్చు నుంచి తీసేటప్పుడు వాడిన నూనె జిడ్డు, దాని మీద ఏళ్ల తరబడి చేతుల జిడ్డు. గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు వేసి పాత టూత్‌బ్రష్‌తో తోమి, రాత్రంతా ఆరనివ్వండి. భాగాలను స్ప్రూ (అవి అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి విడదీయకముందే కడిగితే గోళ్లూ కొమ్ములూ నీళ్లతో పాటు పోవు.

శరీరం రెండు సగాలూ కలవడం లేదు
ముందు జిగురు లేకుండా పట్టి చూడండి. అంచున పల్చటి రేకులా అంటుకున్న ఫ్లాష్ అడ్డుపడుతుంటే బ్లేడు అంచుతో గీకేయండి. అరిగిన అచ్చులో ప్లాస్టిక్ సందుల్లోకి పాకడం వల్ల వస్తుందది. సగాలను కలిపే లోపలి పెగ్గులే (పుల్లల్లాంటి ముక్కలు) ఎదురుబొదురు కుదరకుంటే మొహమాటపడకుండా కోసేయండి, అంచులు కలిస్తే చాలు. శరీరపు సగం ముక్కే వంగిపోయి ఉంటే 60-65 డిగ్రీల నీళ్లలో నిమిషం ముంచి, సరిచేసి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో పెట్టండి. మరిగే నీళ్లు వద్దు. పాలీస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ముందు వంగేది పళ్లూ గోళ్లే.

అతికించేటప్పుడు ఒక్కసారిగా కాకుండా తోక నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల చొప్పున లిక్విడ్ సిమెంట్ (ప్లాస్టిక్ అతికే పల్చటి జిగురు) పెడుతూ రండి.

మూడు వారాల తర్వాత అతుకు మళ్లీ గీతలా దిగింది
తొందరపాటు. సిమెంట్ ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది. ఆ ద్రావకం పూర్తిగా ఆరకముందే అరగదీస్తే, ఆరాక ఆ చోటు కుంగుతుంది. కనీసం రెండు రోజులు ఆగండి. ట్యూబు పుట్టీ కూడా ఆరుతూ కుంచించుకుపోతుంది, లోతైన సందుకు రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పుట్టీయే నయం.

వెన్ను పొడవునా బోడి పట్టీ
గరుకు కాగితం చేసిన పని ఇది. పోయిన పొలుసులను ఒక్కొక్కటిగా చెక్కక్కర్లేదు, పక్కనున్న చర్మం నుంచే అచ్చు తీయవచ్చు. బాగున్న చోట టాల్కం పౌడర్ పల్చగా అద్ది, శనగగింజంత ఎపాక్సీ పుట్టీ నొక్కండి. మర్నాటికి గట్టిపడి ఊడి వస్తుంది, దాని అడుగున పొలుసుల గుంటలు తలకిందులుగా ఉంటాయి. ఇప్పుడు బోడి పట్టీ మీద కొత్త పుట్టీ పల్చగా పరచండి. వేలికి అంటుకోకుండా, గోటితో నొక్కితే మాత్రం గుంట పడే దశ వచ్చాక ఆ అచ్చును తడిపి అద్దండి. తొందరపడితే పుట్టీ అచ్చుకు అంటుకుని లేచిపోతుంది, ఆలస్యమైతే ముద్ర పడదు. మెడ మీది పొలుసులు నడుము మీది వాటిలా ఉండవు కాబట్టి రెండు మూడు చోట్ల నుంచి అచ్చులు తీసుకోవాలి.

మామత్ బొచ్చుకైతే సూది చాలు. అతుకును అడ్డంగా దాటుతూ, పొట్టీ పొడుగూ గీతలు కలిపి గీయండి. అన్నీ ఒకే పొడవుంటే దువ్వెన గాట్లలా కనిపిస్తాయి.

లేత రంగు కింద నుంచి ఎర్రదనం ఊరుతోంది
ముదురు ఎరుపు ప్లాస్టిక్‌లోని రంగు పెయింట్‌లోకి పాకుతోంది. మీద ఎన్ని కోట్లు వేసినా ఆగదు. ముందు సిల్వర్ పెయింట్ ఒక కోటు వేసి, పూర్తిగా ఆరాక ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే పూత) వేయండి.

వాష్ వేశాక కాలి దగ్గర చీలింది
వాష్ అంటే ముడతల్లోకి దిగేలా వేసే బాగా పల్చటి రంగు. జిగురు లేకుండా బిగుతుగా నొక్కి పెట్టిన స్నాప్ అతుకు ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటుంది. వాష్‌లోని ఎనామెల్ థిన్నర్ అక్కడ నిలవ చేరితే ప్లాస్టిక్ పగులుతుంది. పెగ్గును కొంచెం సన్నబరచి సిమెంట్‌తోనే అతికించండి. వాష్ నీటి ఆధారితమైనది వాడండి, లేదా ముందు వార్నిష్ వేయండి.

అంతా వేశాక బొమ్మలాగే ఉంది
ఒంటినిండా ఒకటే రంగు, ఒకటే మెరుపు కారణం. బేస్ రంగు మీద ముదురు వాష్, ఆరాక లేత రంగును దాదాపు పొడిగా తుడిచిన బ్రష్‌తో పైముడతలకే తగిలించండి. ఒళ్లంతా మ్యాట్ వార్నిష్. కంటికీ నాలుకకూ మాత్రం చివర్లో మెరిసే వార్నిష్ చుక్క. పళ్లకు తెలుపు కాదు, చిగుళ్ల దగ్గర గోధుమ రంగు కలిసిన దంతపు రంగు. తోక నేలకు ఈడ్చే నిలువు భంగిమను మాత్రం దిద్దకండి. అది ఆ రోజుల్లో డైనోసార్లను ఊహించుకున్న తీరు, పాత కిట్ అందమే అది.

ముందుకు తూలుతోంది
రెండు కాళ్ల జంతువైతే సగాలు అతికించకముందే తోక మొదట్లో ఇనుప నట్లు ఎపాక్సీతో బిగించి, నిలబెట్టి చూడండి. అప్పటికే మూసేసి ఉంటే పాదం అడుగున రంధ్రం చేసి, 1.5 మి.మీ. ఇత్తడి తీగతో బేస్‌కు (కింది పీటకు) బిగించడమే దారి. ఆ రంధ్రం రంగు వేయకముందే చేయండి.