కోబాల్ ఇచ్చారని బెంగపడకు చెల్లీ, ఇలా మొదలుపెట్టు

ట్రైనింగ్‌లో అందరికీ జావా, పైథాన్ వచ్చి నీకొక్కదానికే కోబాల్ పడిందని రెండ్రోజుల్నించి అన్నం కూడా సరిగ్గా తినట్లేదని పిన్ని ఫోన్ చేసింది. 1959లో మొదలైన కంప్యూటర్ భాష, పాతదే, కాదనను, కానీ బ్యాంకుల్లో పెద్ద పెద్ద లెక్కలు ఇప్పటికీ దానిమీద నడుస్తున్నాయి ఎందుకంటే అది వ్యాపార లెక్కల కోసమే పుట్టింది. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడు, 0.30000000000000004 అని వస్తుంది. కోబాల్‌లో పైసలకి రెండు గళ్ళు ఇచ్చావంటే సరిగ్గా 0.30 వస్తుంది. అంబాజీపేటలో కొబ్బరి కొట్టు మీద పెరిగినదానివి, పైసా తేడా వస్తే ఎంత గొడవో నీకు నేను చెప్పక్కర్లేదు.

ల్యాప్‌టాప్‌లో గ్నూకోబాల్ వేసుకో, నువ్వు రాసిన కోబాల్‌ని మెషీన్ నడిపేలా మార్చే కంపైలర్ అది, ఫ్రీయే. లైను మొదట్నించీ టైప్ చేసేస్తే ఏడో కాలమ్‌లో (కాలమ్ అంటే లైనులో ఒక అక్షరం పట్టే చోటు) తప్పుందని తిడుతుంది, అక్కడే చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలకు. అప్పట్లో ప్రోగ్రామ్ 80 కాలమ్‌ల పంచ్ కార్డు మీద, అంటే చిల్లులు పొడిచిన అట్టముక్క మీద ఉండేది, అందుకే మొదటి 6 కాలమ్‌లు లైన్ నంబరుకి, 7లో స్టార్ పెడితే కామెంట్ (మనకోసం రాసుకునే మాట, మెషీన్ పట్టించుకోదు), 8 నించి డివిజన్ల పేర్లు, అంటే ప్రోగ్రామ్‌లో పెద్ద భాగాల పేర్లు, 12 నించి 72 దాకా అసలు పని. నాట్లేసేటప్పుడు కాలిబాటలు వదుల్తారు కదా, ఖాళీగా ఉంది కదాని అందులో ఎవరూ నాటరు, ఇదీ అంతే. 72 దాటి రాసింది కంపైలర్ అసలు చదవదు, గుర్తుపెట్టుకో. ఈ గళ్ళు లేకుండా రాసే పద్ధతి కూడా ఉంది గానీ ఆఫీసులో నీ చేతికొచ్చే పాత కోడ్ ఎక్కువగా ఇలాగే ఉంటుంది కాబట్టి ఇప్పుడే అలవాటు చేసుకో.

మొదటిరోజు నీ పేరు డిస్‌ప్లే చేయించు చాలు. రెండోరోజు లోడు లెక్క వెయ్యి, 12500 కాయలు, కాయ 12.50. కాయలకి పిక్ 9(5), రేటుకి పిక్ 9(3)వి99, పిక్ అంటే గది ఎలా ఉండాలో చెప్పేది, ఇందులో 9 అంటే ఒక అంకె పట్టే చోటు, 9(5) అంటే అలాంటివి ఐదు, వి అంటే దశాంశం చుక్క అక్కడుందని అర్థం, చుక్కకి వేరే చోటు పట్టదు. మొత్తానికి 9(7)వి99 ఇవ్వు. ఇప్పుడు ఆ కాయల్ని కావాలని ఒక 9(4) గదిలోకి మూవ్ చేసి, అంటే కాపీ చేసి చూడు, 2500 మిగుల్తాయి, పదివేల కాయలు పోయినా ఎర్రర్ కూడా రాదు! అందుకే గది సైజు ముందే ఆలోచించుకోవాలి, కోబాల్‌లో సగం పని అదే. చూపించేటప్పుడు పిక్ జెడ్,జెడ్‌జెడ్,జెడ్‌జెడ్9.99 అని పెట్టి (జెడ్ అంటే ముందున్న సున్నాల్ని ఖాళీగా చూపించే అంకె చోటు) మొత్తాన్ని అందులోకి మూవ్ చెయ్యి, 1,56,250.00 అని మన లక్షల కామాలతో వస్తుంది, నాకైతే అది భలే ఇష్టం.

ఎర్రర్లు ఇరవై వచ్చినా కంగారుపడకు, చాలాసార్లు ఎక్కడో ఒక ఫుల్‌స్టాప్ మర్చిపోయుంటావు, పైనున్న మొదటిదొక్కటే సరిచేసి మళ్ళీ కంపైల్ కొట్టు, అది చూపించిన లైనుకి పై లైను కూడా చూడు.

ఇది నడిచాక బాబాయ్ దగ్గర నిన్నటి లోడు చీటీ తీసుకుని కూలీ, కిరాయి తీసేసి చేతికెంతొస్తుందో వెయ్యి. చీటీతో సరిపోయిందో లేదో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.