ఇటాలియన్ సమాసపదం పుట్టుకను ఎలా తెలుసుకోవాలి?

ఇటాలియన్ సమాసపదం ఎదురైనప్పుడు, నిఘంటువు తెరవడానికి ముందే దానికి విగ్రహవాక్యం చెప్పుకోవడం మంచిది. తువ్వాలును ఆ భాషలో 'అషుగమానో' అంటారు. ఇందులో 'అషుగ' అనేది తుడిచి ఆరబెట్టడాన్ని చెప్పే క్రియ, 'మానో' అంటే చెయ్యి. కర్మ ముందు, క్రియ వెనుక ఉండే మన అలవాటుకు భిన్నంగా ఇక్కడ క్రియే ముందు నిలుస్తుంది. తరువాత లింగం చూడాలి. 'మానో' స్త్రీలింగమైనా మొత్తం పదం పుంలింగం కాబట్టి, మన బహువ్రీహిలో వలె ఇక్కడ ప్రధానమైనది చెయ్యి కాదు, చేతిని తుడిచే మరో వస్తువు.

రెండు పదాలు కలిసిన చోట హల్లు ద్విత్వమైతే అది అతుకును పట్టిస్తుంది. 'అన్నిటికంటే ముఖ్యంగా' అనే అర్థమిచ్చే 'సోప్రత్తుత్తో'లో ఉన్నవి 'సోప్రా' (పైన), 'తుత్తో' (అంతా) అనే రెండు పదాలే.

అసలు జాగ్రత్త అవసరమయ్యేది ఆ తరువాతే, ఎందుకంటే ముక్కలు రెండూ నేటి ఇటాలియన్‌లో అర్థవంతంగా కనిపించినంత మాత్రాన ఆ పదం ఇటాలియన్‌లోనే కూర్చబడిందని అనుకోకూడదు. భూకంపాన్ని 'తెర్రెమోతో' అంటారు. నేటి భాషలో 'తెర్రె' బహువచనం గనుక 'నేలలు' అని అర్థం చెప్పుకోవాలనిపిస్తుంది. అయితే అది ఇటాలియన్‌కు మూలభాష అయిన లాటిన్‌లోని 'తెర్రే మోతుస్' నుంచి వచ్చిన మాట, అక్కడ 'తెర్రే' షష్ఠీ విభక్తిలోని ఏకవచనం, అంటే 'భూమి యొక్క కదలిక'. అందుకే ప్రతి పదానికీ లాటిన్ రూపం ఉందేమో ముందుగా చూడడం తప్పనిసరి అని నా అభిప్రాయం. ఆకాశహర్మ్యానికి వాడే 'గ్రత్తాచేలో' సంగతి వేరు: 'ఆకాశాన్ని గీకేది' అనే ఆ మాటలో ముక్కలు ఇటాలియన్‌వే అయినా, భావం ఇంగ్లిష్ నుంచి అనువాదంగా వచ్చింది.

చివరిగా పాత గ్రంథాల సాక్ష్యం కావాలి. టమాటాకు ఇటాలియన్ పేరైన 'పొమొదోరో' అసలు 'మూర్ జాతివారి (ఉత్తర ఆఫ్రికా ముస్లింల) పండు' అనే మాట నుంచి వచ్చిందన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది, వినడానికి అందంగానే ఉంటుంది. కానీ ఇటలీలోని సియెనాలో పుట్టిన వైద్యుడు పియెత్రో ఆంద్రేయా మత్తియోలి 1544లోనే ఈ కాయను వర్ణించి, 1554 నాటి ముద్రణలో దానికి 'పోమి దోరో', అంటే 'బంగారు పండ్లు', అనే పేరిచ్చాడు. పాత బహువచనమైన 'పొమిదోరో'లో మార్పు పదం మధ్యలో జరుగుతుంది, నేటి 'పొమొదోరి'లో చివర జరుగుతుంది. కాబట్టి పాత పుస్తకాల్లో గాలించేటప్పుడు ఈ రెండు రూపాలతోపాటు, ముక్కలను విడివిడిగా రాసిన రూపాన్ని కూడా తప్పక వెతకాలి.