వెనీలా ఎక్స్‌ట్రాక్ట్ ఇంట్లోనే, ఖర్చు తక్కువ

చవక ఎసెన్స్‌లో ఉండేది చాలావరకు సింథటిక్ వెనిలిన్, అంటే కృత్రిమంగా తయారుచేసిన వెనీలా వాసన పదార్థం, అసలుది కొందామంటే ఆ బుల్లి సీసా ధర చూసి చెయ్యి వెనక్కి వస్తుంది. హైదరాబాద్ బేగంబజార్ వెళ్లి గట్టి మూతున్న గాజు సీసా ఒకటి తెచ్చుకోండి. 250 మి.లీ. వోడ్కాకి 25 గ్రాముల వెనీలా కాయలు కావాలి, అంటే ఓ 8 నుంచి 10. మన దగ్గర వోడ్కాలో ఆల్కహాల్ మామూలుగా 42.8 శాతం ఉంటుంది, 35 ఉంటే చాలు కాబట్టి ఖరీదైనది దండగ. కాయని నిలువునా చీరితే ఆవాల కంటే సన్నటి నల్ల గింజలు చాకుకి జిగటగా అంటుకుంటాయి, వాటినీ గీకి కాయలతో పాటు సీసాలోని వోడ్కాలో వేసెయ్యండి. కాయలు పూర్తిగా మునగాలి, నాకు మొదటిసారి పైకి తేలిన కొసలకి బూజు పట్టింది. ఎండ తగలని అల్మారాలో పెట్టి అప్పుడప్పుడు ఊపుతూ కనీసం 2 నెలలు ఆగండి, 6 అయితే ఇంకా మంచిది. వాడేసిన కాయలా? ఆరబెట్టి పంచదార డబ్బాలో పడేయండి, సేమియా పాయసంలోకి భలే ఉంటుంది.